ముందు కుందేలు బెదరాలి

ఒంగోలు

నాయనా,

చప్పుడు విని దెయ్యమనుకుని కుందేలు బెదిరే నీ కథ రెండుసార్లు చదివాను. భయం వెయ్యలేదు, అందుకే నవ్వూ రాలేదు. రెండో పేరాలోనే "అది తాటిమట్ట చప్పుడే" అని చెప్పేశావు. కుందేలు కంటే ముందు మాకు తెలిసిపోతే ఇంకేం చదువుతాం?

మొన్న మనవరాలికి పంచతంత్రంలో నక్క, భేరి కథ చదివి వినిపించాను. 60 ఏళ్ల కిందట కందుకూరు దగ్గర మా ఊళ్లో అవ్వ చెప్పిన కథ. కరెంటు లేని రాత్రి. పెరట్లో తాటిచెట్ల ఎండుమట్టలు బోదెకు రాసుకుని గరగరమనేవి. అవ్వ చేట బోర్లించి వేలి కణుపుతో కొట్టేది. డబ్... ఆగేది. మళ్లీ డబ్. ఆ ఆగినప్పుడే నేను దుప్పటి లాక్కునేవాణ్ణి. యుద్ధం జరిగిన చోట గాలికి కొమ్మ తగిలి భేరి మోగుతుంటే, ఆకలి నక్క హడలిపోతుంది. అయినా దగ్గరికే పోతుంది. లోపలంతా మాంసమే అనుకుని కొరికి దూరితే చెక్కా, తోలూ. "పన్ను ఊడటమే మిగిలిందిరా" అనేది అవ్వ.

అవ్వ సింహం సంగతి చెప్పలేదు. ఈ కథను దమనకుడనే నక్క పింగళకుడనే సింహానికి చెబుతుంది. ఆ సింహం నీళ్లకని పోయి, సంజీవకుడనే ఎద్దు రంకె విని తాగకుండానే వెనక్కొచ్చింది. (ఎద్దు రంకెకు సింహం బెదిరిందంటే ఒంగోలు వాళ్లం నమ్మేస్తాం, అది వేరే సంగతి.) "ఉత్త చప్పుడుకే భయపడితే ఎలా ప్రభూ" అని ఊరుకోకుండా, ఇంకో నక్క భయం మీద పెట్టి చెబుతున్నాడు దమనకుడు. ఉద్యోగంలో పెద్దసార్ల దగ్గర నేను చుట్టుతిప్పి చెప్పిన మాటలన్నీ గుర్తొచ్చి నవ్వాగలేదు. "ఏంది తాతా?" అంది మనవరాలు. ఏం చెప్పను దానికి?

తాటాకు చప్పుళ్లకు కుందేళ్లు బెదురుతాయా అని సామెత. నువ్వు నిజంగా బెదిరే కుందేలును తెచ్చావు. ఆ ఊహ నాకు భలే నచ్చింది. కానీ నీ కుందేలు "నా మనసు ఆందోళనకు గురైంది" అంటోంది! చెవులేం చేశాయి? బెదిరిన కుందేలు ముందు బిగుసుకుపోతుంది, పరుగు తర్వాత. ఆ బిగుసుకుపోయిన కాసేపు రాయి. చివర నీతి నాలుగు లైన్లూ కొట్టెయ్.

ఆదివారం తిరగరాసి తీసుకురా, మనవరాలు ఉంటుంది. చేట మాత్రం మీ ఇంటి నుంచి తెచ్చుకో. మా ఇంట్లో అన్నీ ప్లాస్టిక్‌వే, మోగవు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు