వీఆర్ సర్జరీ కోర్సుకి 80 వేలు కట్టమంటారా?

ప్రశ్న: మాది అంబాజీపేట. అమ్మాయి కాకినాడలో ఎంబీబీఎస్ మూడో ఏడాది, కీహోల్ సర్జన్ (చిన్న రంధ్రాల్లోంచి ఆపరేషన్ చేసే డాక్టర్) అవుతానంటోంది. ఇంట్లోనే హెడ్‌సెట్ పెట్టుకుని నేర్చుకునే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) సర్జరీ కోర్సుకి ఫీజు 80 వేలట. కొబ్బరి మీద వచ్చే ఆదాయమే మాది. కట్టమంటారా?

జవాబు: ఇప్పుడైతే కట్టొద్దండి. అలాగని ఆ శిక్షణ ఉత్తుత్తిదేం కాదు. 2002లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీ వాళ్లు సర్జరీ నేర్చుకుంటున్న 16 మంది డాక్టర్లలో (రెసిడెంట్లు) సగం మందికి ముందు సిమ్యులేటర్ (కంప్యూటర్లో ఆపరేషన్ సాధన చేయించే యంత్రం) మీద చేయి తిరిగేదాకా ప్రాక్టీసు చేయించి, ఆ తర్వాత అందరిచేతా నిజం పేషెంట్లకు గాల్ బ్లాడర్ ఆపరేషన్లో ఒక భాగం చేయించారు. ప్రాక్టీసు చేసినవాళ్లకు 29 శాతం తక్కువ టైం పట్టింది. చేయనివాళ్లు గాల్ బ్లాడర్‌ని గాయపరచడమో, పక్క భాగాన్ని కాల్చడమో ఐదు రెట్లు ఎక్కువ.

కారణం చేతిలోనే ఉంది. పరికరం పొట్టమీద చిన్న రంధ్రంలోంచి దూరుతుంది కాబట్టి పిడిని ఎడమకి జరిపితే లోపల మొన కుడికి పోతుంది. కాలవలో చుక్కాని పట్టినవాళ్లకి ఈ తిరకాసు తెలుసు. పైగా లోపలి కెమెరా చూపే స్క్రీన్ మీద లోతు సరిగ్గా తెలీదు. ఆ తప్పులన్నీ పేషెంటు పొట్టలో కాక యంత్రం మీదే జరిగిపోవాలి.

అయితే యేల్‌లో ఎవరూ హెడ్‌సెట్ పెట్టుకోలేదండి, పరికరాల్లాంటి పిడులు పట్టుకుని స్క్రీన్ చూస్తూ చేశారు. ఇంటి హెడ్‌సెట్‌తో ఆపరేషన్ వరస తెలుస్తుంది, చేయి మాత్రం తిరగదు. ఆ సర్టిఫికెట్ చూసి పీజీ సీటూ ఇవ్వరు. ఇంటర్న్‌షిప్, నీట్ పీజీ, మూడేళ్ల ఎంఎస్ జనరల్ సర్జరీ, కావాలంటే ఇంకో మూడేళ్లు ఎంసీహెచ్ (సూపర్ స్పెషాలిటీ), దారి అదే.

ఇప్పటికి ఒక అట్టపెట్టె, లోపలికి చూసేలా బిగించిన ఫోను, పాత లాప్రోస్కోపీ (అదే కీహోల్ సర్జరీ) పరికరాలు ఒక జత చాలు. ఎడమ చేతి పరికరంతో చిక్కుడు గింజ ఎత్తి, గాల్లోనే కుడిదానికి అందించి, పక్క గిన్నెలో వెయ్యాలి. నేనూ ఒకసారి పట్టి చూశాను, గిన్నె అంచు ఇక్కడే ఉందనుకుని వదిలితే గింజ రెండంగుళాల అవతల పడింది. అది కుదిరాక ద్రాక్షపండు తొక్క, రసం కారకుండా వలవమనండి. రోజుకి అరగంట చాలు, పరీక్షల ముందు అదీ వద్దు.

ఎన్ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) నిబంధనల ప్రకారం మెడికల్ కాలేజీకి స్కిల్ ల్యాబ్ ఉండాలి కాబట్టి, తన కాలేజీ ల్యాబ్‌లో లాప్రోస్కోపీ ప్రాక్టీసు బాక్స్ ఉందేమో అడిగి చూడమనండి. ఆ 80 వేలు మాత్రం ఎంఎస్‌లో చేరాక, దగ్గరుండి తప్పులు దిద్దే సీనియర్ సర్జన్ ఉన్న వర్క్‌షాప్‌కి దాచండి.