పొలుసుల చర్మం ఉన్న బాబును ఎండల నుంచి కాపాడుకోవడం ఎలా?

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. పుట్టినప్పుడు ఒంటినిండా మైనపు కాగితంలాంటి పొర ఉండేది. అది ఊడిపోయాక పెద్ద పెద్ద పొలుసులు కట్టాయి. లామెల్లార్ ఇక్తియోసిస్ అని డాక్టర్లు చెప్పారు. ఎండాకాలం చెమట పట్టదు, ఒళ్లు కాలిపోతుంది. నాగదోషమని కొందరు, అంటువ్యాధి అని కొందరు అంటున్నారు. మాది మేనరికం. రెండో బిడ్డను కనవచ్చా?
– ఒక సోదరి, అనంతపురం జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఎండ సంగతి చెబుతాను, ఎందుకంటే మీ బాబుకు తక్షణ ప్రమాదం అందులోనే ఉంది. పొలుసులు స్వేదనాళాలను మూసేయడం వల్ల చెమట సరిగా బయటికి రాదు, అందువల్ల లోపలి వేడి తగ్గే దారి ఉండదు. ఎండలో ఆడి వచ్చాక ఒళ్లు కాలుతుంటే, అది జ్వరం కాక వడదెబ్బకు తొలి మెట్టు కావచ్చు. ఆ వేడి పారాసిటమాల్‌తో దిగదు. నీడకు చేర్చి, తడిబట్ట కప్పి, ఫ్యాను కింద ఉంచి, నీళ్లు తాగించండి. మగతగా ఉన్నా, వాంతులవుతున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. దోషనివారణ పేరుతో బాబును హోమగుండం ముందు కూర్చోబెట్టవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను.

ఇది అంటుకునే జబ్బు కాదు, తెలివితేటలకూ దీనితో సంబంధం లేదు. ఈ మాటనూ, మధ్యాహ్నపు ఆటలనుంచి మినహాయింపు ఇవ్వాలనీ, ఒంటిపై చల్లుకునే నీళ్ల సీసాను దగ్గర ఉంచుకోనివ్వాలనీ మీ డాక్టరుచేత రాయించి బడిలో ఇవ్వండి.

రోజూ గోరువెచ్చని నీటిలో పావుగంట నాననిచ్చి, మెత్తని గుడ్డతో నెమ్మదిగా రుద్ది, తడి పూర్తిగా ఆరకముందే వ్యాజిలిన్ వంటి లేపనం రాయాలి. వేసవి పగటిపూట మందపాటి లేపనానికి బదులు పలుచని లోషన్ మేలు. శాలిసిలిక్ ఆమ్లం ఉన్న మందులను మాత్రం సొంతంగా వాడకండి. ఒళ్లంతా రాస్తే అది రక్తంలోకి చేరి విషమవుతుంది. కింది రెప్పలు బయటికి తిరుగుతుంటే కంటి వైద్యునికి చూపించడం తప్పనిసరి. విటమిన్ డి పరీక్ష కూడా చేయించండి.

ఇక రెండో బిడ్డ గురించి. మీ ఇద్దరిలోనూ ఒక్కొక్క లోపమున్న జన్యువు ఉండి, ఆ రెండూ బాబుకు చేరాయి. ఇందులో మీ ఒక్కరి తప్పంటూ ఏమీ లేదు. ప్రతి గర్భంలోనూ ఈ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. మొదటి బిడ్డకు వచ్చింది కనుక తర్వాత రాదనుకోకూడదు. గర్భం దాల్చకముందే బాబుకు జన్యుపరీక్ష చేయించండి. హైదరాబాద్ నిమ్స్‌లోని జన్యువైద్య విభాగంలో సలహా దొరుకుతుంది. లోపం ఏ జన్యువులో ఉందో ముందే తెలిస్తేనే, గర్భం వచ్చాక 11–13 వారాల మధ్య మాయ నుంచి నమూనా తీసి బిడ్డ స్థితిని తెలుసుకోగలుగుతారు.