డెత్ వ్యాలీ రేస్‌ట్రాక్ రోడ్డు: అద్దె కారులో వద్దు, అన్నా

కావలి నుంచి వచ్చే అమ్మానాన్నలను అద్దె కారులో అమెరికా కాలిఫోర్నియాలోని ఎడారి పార్కు డెత్ వ్యాలీకి తీసుకెళ్లి, రాళ్లు వాటంతటవే జరిగిన జాడలు కనిపించే ఎండిన చెరువు రేస్‌ట్రాక్ చూపించొచ్చా, వానకు మూసిన రోడ్లు తెరిచారా అని అడిగారు కదన్నా. పార్కు తెరిచి ఉన్నంత మాత్రాన మట్టి రోడ్లన్నీ తెరిచినట్టు కాదు. 2023 ఆగస్టు 20న అక్కడ ఒక్కరోజులో ఏడాది వాన, సుమారు 56 మి.మీ. పడింది. మన నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర 2021లో హైవే కొట్టుకుపోయినట్టే తారు రోడ్లు కూడా కోసుకుపోయాయి. అక్టోబరు 15న పార్కు తెరిచినా, లోపలి మట్టి రోడ్లు చాలావాటికి ఇంకా నెలలు పట్టింది.

రేస్‌ట్రాక్ దారి ఉబెహీబి క్రేటర్ (అగ్నిపర్వతం పేలి ఏర్పడిన గొయ్యి) దగ్గర తారు అయిపోయాక 43 కిలోమీటర్లు. సిమెంటు రేకు మీద నడిపినట్టు బండి అదురుతూనే ఉంటుంది. కత్తుల్లాంటి రాళ్లు, టైరు పక్కగోడ చీలితే ప్యాచ్ పడదు. ఫోన్ సిగ్నల్ ఉండదు. బండి లాగించాలంటే వెయ్యి డాలర్లు దాటడం మామూలే. మామూలు అద్దె ఒప్పందాల్లో మట్టి రోడ్డు నిషేధం, ఇన్సూరెన్సూ వర్తించదు. పెద్దవాళ్లతో ఈ టెన్షన్ అస్సలు వద్దు.

దానికి బదులు పార్కులోనే బ్యాడ్‌వాటర్, జబ్రిస్కీ పాయింట్, డాంటేస్ వ్యూ చూపించండి, మూడింటికీ తారు రోడ్డే. డిసెంబరు, జనవరిలో అయితే ఎండ బాధ ఉండదు. బయల్దేరే రోజు పొద్దున పార్కు వెబ్‌సైట్‌లో రోడ్ల పేజీ చూడండి, మ్యాప్ యాప్‌ను నమ్మొద్దు.