'పిల్లలు' అంటే ఎన్ని తరాల వరకు?

'విదేశీ జంతువుల పెంపకంపై ఇన్ని చట్టాలున్నాయి కదా, పెంచేవాళ్లు ఎలా తప్పించుకుంటున్నారు?' అని ఒకరు నన్ను అడిగారు. లంచాలు, నిర్లక్ష్యం అని చాలామంది చెబుతారు. నేను ఒప్పుకోను. తప్పంతా చట్టం రాసిన కలానిదే.

నేను ఒక జంతు సంరక్షణ కేంద్రంలో స్వచ్ఛందంగా పనిచేసేదాన్ని. ఒక సాయంత్రం, ఇరుగుపొరుగు ఫిర్యాదు చేశారని అధికారులు ఒక సవానా పిల్లిని తెచ్చారు. ఆఫ్రికా గడ్డిమైదానాల్లో తిరిగే సర్వల్ అనే అడవి పిల్లికీ ఇంటి పిల్లికీ పుట్టిన సంకర సంతతి అది. పొడవాటి కాళ్లు, ఒళ్లంతా నల్ల మచ్చలు. బోను తలుపు తీయగానే మూలకు ఒదిగి పాములా బుసకొట్టింది. ముందుకాళ్ల గోళ్లు మొదలంటా తీసేశారు. పాదం పూర్తిగా మోపలేక మడమల మీద బరువు వేసి నడుస్తోంది. దాన్ని చూసి నాకు కడుపు తరుక్కుపోయింది.

వెనకే యజమాని కాగితాలతో వచ్చాడు. ఇళ్లలో పెంచకూడదన్న నిబంధనలో 'అడవి జంతువులు, వాటి పిల్లలు' అని ఉంది. 'దీని ముత్తాత సర్వల్. ఇది ముత్తాతకు పిల్ల ఎలా అవుతుంది?' అన్నాడు. అధికారి ఆ వాక్యాన్ని నాలుగుసార్లు చదివాడు. ఆ రాత్రే పిల్లి తిరిగి ఆ ఇంటికే వెళ్లిపోయింది.

అంకె వేసి రాయడం అసాధ్యమేమీ కాదు. వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం కింద, సంకర జంతువు వంశంలో సాధారణంగా వెనకటి నాలుగు తరాల వరకు చూస్తారు. అది సరిహద్దు దాటే జంతువులకే వర్తిస్తుంది, నిజమే. కానీ ఇంట్లో పెంచే జంతువుల చట్టంలోనూ అలాంటి అంకె ఒకటి ఉంటే ముత్తాత వాదన అక్కడే వీగిపోయేది.

పెద్ద దేశాలూ ఇలాగే బోల్తాపడ్డాయి. అమెరికాలో 2015లో రెటిక్యులేటెడ్ కొండచిలువ, ఆకుపచ్చ అనకొండతో కలిపి నాలుగు పాములను హానికర జాబితాలో చేర్చారు. ఆ జాబితాకు ఆధారమైన లేసీ చట్టంలో ఖండ భాగం, హవాయి, ప్యూర్టో రికో వంటి పేర్లు వరసగా చెప్పి 'వీటి మధ్య' రవాణా కూడదన్నారు. సరీసృపాల పెంపకందారుల సంఘం కోర్టుకెక్కింది. ఖండ భాగంలోని 49 రాష్ట్రాల్లో ఒకదాని నుంచి మరొకదానికి పంపడాన్ని ఆ మాటలు నిషేధించడం లేదని 2017లో అప్పీలు కోర్టు తేల్చింది. ఆ 'మధ్య' అనే మాట మీదే తీర్పు నిలిచింది.

ఇక 'ప్రమాదకరమైన', 'మొదలైన' అనే మాటలు చట్టంలో కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. 'మొదలైన' తర్వాత ఏముందో ఎవరు చెప్పాలి? వాడుక పేర్లూ అంతే. అమ్మేవాడు పేరు మార్చి అమ్ముతాడు. ఈ విషయంలో అడవి జంతువుల పెంపకంపై బ్రిటన్ 1976లో చేసిన చట్టమే నయం. జాబితాలో మొదటి నిలువు వరసలో శాస్త్రీయ నామం, రెండో నిలువు వరసలో వాడుక పేరు ఇచ్చి, వివాదం వస్తే మొదటి వరసే చెల్లుతుందని చట్టంలోనే రాశారు. ప్రతి దేశమూ ఇలాగే రాయాలి.

'వాటి పిల్లలు' అన్నచోట 'నాలుగు తరాల సంతతి' అని మార్చమని ఆ నిబంధన చేసిన కార్యాలయానికి రెండుసార్లు రాశాను. అందినట్టు రసీదులు వచ్చాయి. వాక్యం మాత్రం ఇప్పటికీ మారలేదు. ఈ నెల మూడో ఉత్తరం పంపుతున్నాను. ఈసారి ఆ పిల్లి పాదాల ఫొటో కూడా జతచేశాను.