హాస్టలుకు వెళ్ళనంటున్న అబ్బాయి: ఎవరికి చూపించాలి?

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపురం. ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాం. మా అబ్బాయి పదో తరగతి దాకా ఇక్కడే ఒడియా మీడియంలో చదివాడు. తరువాత విశాఖపట్నంలో హాస్టలున్న కాలేజీలో, నీట్ కోచింగుతో కలిపి ఇంటర్‌లో చేర్పించాం. ఇప్పుడు రెండో సంవత్సరం, పదిహేడేళ్ళు. దసరా సెలవులకు వచ్చినవాడు తిరిగి వెళ్ళలేదు, నెల దాటింది. తెచ్చుకున్న పెట్టెకు తాళం కూడా తీయలేదు. రాత్రంతా మేలుకొని ఉంటాడు, తిండి సగానికి సగం తగ్గింది. మార్కులు తగ్గాయని సెక్షన్ మార్చిన దగ్గర నుంచి ఇలా ఉన్నాడట. వాళ్ళ నాన్నగారు బద్ధకం అంటారు. మా అత్తగారు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. మొన్న వాళ్ళ అక్కతో ‘నేను లేకపోతే మీకే సుఖం’ అన్నాడట. మానసిక వైద్యుడికి చూపిస్తే అమ్మాయి పెళ్ళి సంబంధాలకు అడ్డమవుతుందేమోనని భయంగా ఉంది. నాకు ఒడియా సరిగా రాదు. ఇంటి ముందు గదిలోనే మా ఎరువుల దుకాణం ఉంది కనుక ఆయన కదలలేరు. ఎక్కడికి వెళ్ళాలి?

జవాబు: అమ్మా, మీరు ఉత్తరం చివర మాటవరసకు రాసిన దుకాణం సంగతితోనే నేను మొదలుపెడతాను. ఎరువులు అమ్మేచోట సాధారణంగా పురుగుమందులు కూడా ఉంటాయి. ‘నేను లేకపోతే మీకే సుఖం’ అన్న పిల్లవాడు పడుకునే గదికీ ఆ అరలకూ మధ్య ఒక్క తలుపే ఉన్నదంటే, ఏ ఆసుపత్రికి వెళ్ళాలన్న ప్రశ్న కన్నా ముందు తేలవలసింది అదే. ఇది చదివిన రోజునే మందుల నిల్వను ఇంటికి దూరంగా మరో చోటికి తరలించమని మీవారితో చెప్పండి. అది ఆ రోజు కుదరకపోతే, దుకాణం గదికి తాళం వేసి తాళంచెవిని ఆయన తన దగ్గరే ఉంచుకోవాలి. మీ అత్తగారి మాత్రలు కూడా బీరువాలోకి వెళ్ళాలి. చనిపోవాలన్న తలపు చాలామందిలో ఉధృతంగా వచ్చి, కొంతసేపటికి మెత్తబడుతుంది. ఆ కాసేపు చేతికందే దూరంలో ప్రమాదకరమైనది ఏదీ లేకుండా చూడడం వైద్యంలో భాగమే. మీవారు దుకాణం వదిలి కదలలేరని రాశారు. కదలకుండానే ఆయన చేయగల అతి పెద్ద సాయం ఇది.

రెండో పని, అడగడం. వాడు ఆ మాట మీతో కాక అక్కతో అన్నాడు. అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ ఇక్కడి బడిలో చదివినవాళ్ళయితే, తమలో తాము ఒడియాలో మాట్లాడుకునే చనువు వాళ్ళకు ఉండి ఉంటుంది. సరిహద్దు ఊళ్ళ పిల్లల్లో నేను తరచు చూసే సంగతి ఇది: అమ్మతో తెలుగులో ‘బాగానే ఉన్నాను’ అన్నవాడే తోబుట్టువుతో బడి భాషలో అసలు సంగతి చెబుతాడు. కాబట్టి ముందు అమ్మాయినే మాట్లాడనివ్వండి. ‘అలాంటి పిచ్చి ఆలోచనలు లేవు కదా’ అని అడిగితే లేవనే జవాబు వస్తుంది. ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా, ఎలా అన్నది కూడా ఆలోచించావా’ అని నెమ్మదిగా, నేరుగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామన్న భయం అక్కరలేదు. అడిగినందువల్ల ఆ తలపు పుట్టదు, చాలామందికి గుండె బరువు దిగుతుంది. ఎలా అన్నది కూడా ఆలోచించానని చెబితే వాడిని ఒక్క నిమిషం ఒంటరిగా వదలకుండా, తెల్లవారేదాకా ఆగకుండా, ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకువెళ్ళండి. 108కి ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది. అయితే ఈ భారమంతా ఆ అమ్మాయి ఒక్కతే మోయకూడదు. తమ్ముడు ‘అమ్మకు చెప్పొద్దు’ అన్నా, ప్రాణానికి సంబంధించిన మాట దాచడానికి వీల్లేదని ముందే ఆమెకు చెప్పండి.

ఇక భాష సంగతి. టెలిమానస్ అనే ప్రభుత్వ సహాయ ఫోను 2022 అక్టోబరు 10 నుంచి నడుస్తోంది. నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు తీసుకోరు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు. అబ్బాయి మాట్లాడనంటే బలవంతపెట్టకండి. ముందు మీరు చేయండి. మీరు తెలుగులో మీ బాధ చెప్పుకోవడానికి కూడా ఆ నంబరు ఉంది. నెల రోజులుగా రాత్రివేళ వాడి గది తలుపు దగ్గర చెవి ఒగ్గి పడుకుంటున్న తల్లికి ఆ మాట విడిగా చెప్పాలనిపించింది.

ఫోనుతో సరిపెట్టకుండా డాక్టరుకు చూపించాలి. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, ఇష్టం మూడూ తగ్గిపోతే దాన్ని బద్ధకమని అనరు. బద్ధకస్తుడు తనకు నచ్చిన పనైనా చేస్తాడు. మీవాడు దేని జోలికైనా వెళుతున్నాడేమో మీవారినే గమనించమనండి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద రాయగడలోని జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్య సేవ ఏ రోజుల్లో అందుతుందో ముందుగా కనుక్కుని బయలుదేరండి. అక్కడ కుదరకపోతే బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. తెలుగువారు చాలామంది ఉన్న ఊరు గనుక అక్కడ మీకు మాట సాయమూ దొరుకుతుంది. విశాఖపట్నం పెదవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్న మాట నిజమే, పర్లాకిమిడి, నౌపడల మీదుగా రైలూ ఉంది. కానీ ఆ ఊరి పేరు చెబితే మీవాడికి ఇప్పుడు గుర్తొచ్చేది హాస్టలే. నన్నడిగితే మొదటిసారి ఆ రైలు ఎక్కించవద్దంటాను.

డాక్టరు ఒడియాలో మాట్లాడితే మీవాడికి ఇబ్బంది లేదు, ఇబ్బంది మీకు. అలాగని డాక్టరుకూ మీకూ మధ్య వాడినే దుబాసీగా నిలబెట్టకండి. తన బాధను తానే అమ్మకు తర్జుమా చేసి వినిపించడం ఏ పిల్లవాడికీ భరించరానిది, పైగా అసలు మాట అక్కడే మింగేస్తాడు. ఏ రోజు ఎన్ని గంటలు పడుకున్నాడు, ఏమి తిన్నాడు, ఏమన్నాడు, ఎప్పటి నుంచి అన్నవి మీరు చెబుతుంటే అమ్మాయి చేత ఒక కాగితం మీద ఒడియాలో రాయించి డాక్టరు చేతికివ్వండి. వాడితో కొంతసేపు విడిగా మాట్లాడమని కూడా అడగండి.

డాక్టరు మందు రాస్తే, ఈ రకం మందుల గుణం తెలియడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నాలుగు రోజులు వేసి గుణం లేదని మానేయడం, కాస్త తేరుకోగానే సొంతంగా ఆపేయడం, రెండూ చేటే. ఈ వయసు పిల్లల్లో మొదటి వారాల్లో అసహనం, చిరాకు పెరగవచ్చు. పెరిగితే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

తాయెత్తు గురించి మీ అత్తగారితో తగవు పెట్టుకోకండి. మజ్జిగౌరమ్మ దర్శనానికీ వెళ్ళండి. డాక్టరు దగ్గరకు వెళ్ళే రోజు మాత్రం వాయిదా పడకూడదు. పెళ్ళి సంబంధాల భయానికి వస్తే, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స వివరాలను గోప్యంగా ఉంచడం వైద్యుల బాధ్యత. ఊరికి చెప్పవలసిన అవసరం మీకు లేదు. తమ్ముడు డాక్టరు దగ్గరకు వెళ్ళాడని వెనక్కి పోయే సంబంధం గురించి నాకు వేరే అభిప్రాయం ఉంది, అది ఇక్కడ అనవసరం.

కాలేజీ విషయంలో మీరు తలవంచుకుని మాట్లాడవలసిన పని లేదు. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న విద్యాసంస్థలకు మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థ అర్హత గల కౌన్సెలరును నియమించాలి. మార్కులను బట్టి బ్యాచీలుగా విడగొట్టడం, నలుగురిలో చిన్నబుచ్చడం వీలైనంతవరకు మానుకోవాలి. మీవాడిని సెక్షన్ మార్చిన సంగతి చదివినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. మీవారు కాలేజీకి ఒక ఉత్తరం రాసి, అబ్బాయికి వైద్యం జరుగుతోందని తెలిపి, కౌన్సెలరు ఎవరు, హాజరుకూ పరీక్షలకూ ఏ వెసులుబాటు ఇస్తారు అన్నవి రాతపూర్వకంగా అడగాలి. తిరిగి వెళ్ళడమా, ఇక్కడే ప్లస్ టూ చదవడమా అన్నది వాడు నిద్రపోవడం మొదలుపెట్టిన తరువాత వాడితోనే కూర్చుని నిర్ణయించండి. కట్టిన ఫీజు మాట అప్పటివరకు వాడి ఎదుట ఎత్తకండి.

ఆ పెట్టెను మీరు తెరవకండి, సర్దకండి, అటక మీద పెట్టకండి. డాక్టరును చూశాక ఆయన ఏమన్నారో, ఏ మందు రాశారో నాకు తెలియజేయండి. దుకాణంలోని నిల్వ సంగతి మాత్రం అంతకన్నా ముందే, రేపటికల్లా రాయండి.