తాత స్టూడియో నెగటివ్‌లు, బిడ్డ చదువు

ప్రశ్న: మా బిడ్డ నల్లగొండలో బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం. దేవరకొండలో మా నాయన 1940లలో నడిపిన ఫోటో స్టూడియో నెగటివ్‌లు ఇనుప పెట్టెలో దొరికాయి. అవి చూసినప్పటి నుంచి ఇలాంటివి కాపాడే పనే నేర్చుకుంటానంటోంది. మేం బీఈడీ అనుకున్నాం. ఇందులో బతుకుదెరువు ఉందా?

జవాబు: చదువు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ పెట్టె రేకుల కింద ఉంటే ఇవాళే గాలి ఆడే చల్లని గదిలోకి మార్చండి. పొయ్యికి, దేవుడి దీపానికి దూరంగా పెట్టండి. ఆ కాలపు ఫిల్మ్‌లో తేలిగ్గా అంటుకునే నైట్రేట్ రకం కూడా ఉండొచ్చు. ఫిల్మ్ కంపెనీ కొడాక్ దాని తయారీ 1951 నాటికి ఆపేసింది. మండడానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది కాబట్టి అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు. బాగా పాడైపోయిన ఫిల్మ్ మన ఎండాకాలపు వేడికి తనంతట తానే అంటుకోవచ్చు. 2003లో పుణె ఫిల్మ్ ఆర్కైవ్‌లో నైట్రేట్ రీళ్లు కాలిపోయి ఎన్నో పాత సినిమాలు పోయాయి.

అంచున ఇంగ్లీషులో ‘సేఫ్టీ’ అని ఉంటే అది సాధారణంగా అసిటేట్, అంటే అంత తేలిగ్గా అంటుకోని రకం. పాడైతే వెనిగర్ వాసన వస్తుంది. పసుపెక్కి, జిగటగా, ఘాటు వాసనతో ఉండి, కవర్లు పెళుసుబారి, పెట్టె లోపల తుప్పు పట్టిందా? అయితే నైట్రేట్ అనే అనుకోండి. అగ్గిపుల్ల గీసి చూడొద్దు, కొరియర్‌లో పంపొద్దు. హైదరాబాద్ తార్నాకలో పాత రికార్డులు భద్రపరిచే స్టేట్ ఆర్కైవ్స్‌ను సలహా అడగండి.

ఇక ఉద్యోగం. ఖాళీలు తక్కువే, ఎదురుచూడాల్సి వస్తుంది. కానీ ఈ పని తెలిసినవాళ్లూ తక్కువే, అందులో కెమిస్ట్రీ చదివినవాళ్లు ఇంకా తక్కువ. ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్ ఏడాది డిప్లొమా నడుపుతుంది. నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో కన్జర్వేషన్ (పాత వస్తువులు పాడవకుండా కాపాడే పని) ఎంఏ ఉంది. నా మాట అడిగితే, డిగ్రీ కాగానే ఒక ఏడాది ఆమె దారిలో పోనివ్వండి. బీఈడీ ఆ తర్వాత కూడా చేయొచ్చు, ఇప్పుడే టెన్షన్ పడకండి.

ఆరో నిజాం కొలువులో ఫోటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్‌దయాళ్ గాజు నెగటివ్‌లు ఢిల్లీలో భద్రంగా ఉన్నాయి. దేవరకొండ పెళ్లిళ్లు, జాతరలు తీసిన మీ నాయన ఫిల్మ్‌లకు మాత్రం మీ బిడ్డ తప్ప దిక్కు లేదు. కవర్ల మీద ఆయన రాసిన పేర్లు పొడై రాలకముందే ఫోన్‌తో ఫోటో తీయమనండి. తలుపులు, కిటికీలు తీసిపెట్టి, చేతికి గ్లౌజులు వేసుకుని, పొద్దున చల్లటి వేళలో.