క్రిస్మస్‌కి ఇంగ్లాండు చుట్టాలు

చిరంజీవి అమ్మాయికి,

ప్రభువు నామంలో పెదనాన్న వందనాలు. నువ్వు వాట్సాప్‌లో పంపినదంతా నిదానంగా చదివాను. ఫోన్లో చెబితే సగం మరిచిపోతావని కాగితం మీద రాస్తున్నాను. దాచుకో, కమిటీలో కూడా చదివి వినిపించు.

మన సంఘాన్ని నడిపే పాస్టరేట్ కమిటీ నిన్ను సెక్రటరీని చేసినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. ఇంగ్లాండు నుంచి ఒక పేరిష్ (ఊరి సంఘం) వాళ్లు మనతో స్నేహం కలుపుకుంటామని రాయడం, వాళ్లలో నలుగురు ఈ క్రిస్మస్‌కే వస్తామనడం, అదే నీకు మొదటి పని కావడం, అన్నీ ఒక్కసారే వచ్చి పడ్డాయి. టెన్షన్ సహజమే. అయితే నీ ప్లాన్‌లో ఒకటి మాత్రం వెంటనే ఆపించు. ప్రహరీ గోడ, బోరు, సౌండ్ సిస్టమ్ అంటూ కమిటీవాళ్లు ఒక జాబితా టైపు చేయించారని, వచ్చినవాళ్లు కారు దిగిన రోజే చేతికిద్దామంటున్నారని రాశావు. ఆ కాగితాన్ని బీరువాలో పెట్టి తాళం వెయ్యి.

ఎందుకంటే, ఈ మాట మనవాళ్లు నూరేళ్ల కిందటే మాట్లాడుకున్నారు. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. తిరునల్వేలి వైపు నుంచి వచ్చి దోర్నకల్‌లో తెలుగువాళ్ల మధ్య సేవ చేస్తున్న అజరయ్యగారు అక్కడ నిలబడి మాట్లాడారు. అప్పటికి ఆయన వయసు 35. తెల్ల మిషనరీల త్యాగాన్ని ఆయన తక్కువ చేయలేదు. మీ ఆస్తి బీదలకిచ్చారు, మీ శరీరాలు కాల్చబడడానికి అప్పగించారు, ప్రేమ కూడా ఇవ్వండి, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అని అడిగారు. బైబిల్లోని కొరింథీ పత్రిక మాటలనే తీసుకుని వాళ్ల ముందు పెట్టారన్నమాట. రెండేళ్లకి, 1912 డిసెంబర్ 29న, భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్‌గా కలకత్తాలో ఆయనకే అభిషేకం జరిగింది. తర్వాత మన నంద్యాల వైపు సంఘాలు కూడా ఆయన డయోసిస్‌లోకి, అంటే ఆయన బిషప్‌గా చూసే ప్రాంతంలోకి, వచ్చాయి. అంత పెద్ద సభలో ఆయన డబ్బు అడగలేదు, బిల్డింగు అడగలేదు. ఆయన డయోసిస్‌లో పెరిగిన సంఘం మనది. అలాంటి మనం ఇంటికొచ్చిన స్నేహితుడి చేతిలో ముందు కొటేషన్ పెడితే ఏం బాగుంటుంది?

అవసరాలు లేవని కాదు. వాళ్లు మన మధ్య నాలుగు రోజులు తిరిగితే బోరు ఎండిపోయిందని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. తెలిసిన తర్వాత వాళ్లే అడిగితే దాచకుండా చెప్పు. ముందు వాళ్లని మనుషులుగా తెలుసుకోండి. ఎవరికి పిల్లలున్నారు, ఎవరు ఈ మధ్య భర్తను పోగొట్టుకున్నారు, వాళ్ల గుళ్లో ఎంతమంది కూర్చుంటారు అని అడగండి. అక్కడ పల్లెటూళ్లలో ఒక్కో గురువు నాలుగైదు గుళ్లు చూసుకోవడం మామూలు. చాలాచోట్ల ఆదివారం ఆరాధనలో ముసలివాళ్లే ఎక్కువ. మనం వాళ్ల కోసం ప్రార్థన చేయాల్సింది చాలా ఉంది, ఈ సంగతి మన కమిటీకి తట్టినట్టు లేదు.

ఇక చట్టం సంగతి. ఇందులో మొహమాటం పనికిరాదు.

వాళ్లు పార్సనేజీలో (అయ్యగారి ఇంట్లో) దిగినా, మన ఇళ్లలో దిగినా 24 గంటల్లోపు విదేశీ అతిథుల వివరాలు తెలిపే ఫారం (మనవాళ్లకి తెలిసిన పాత పేరు ఫారం-సి) ఆన్‌లైన్‌లో నింపాలి. హోటల్ అయితే హోటల్‌వాళ్లు నింపుతారు, ఇంట్లో ఉంచుకుంటే ఆ బాధ్యత ఇంటివాళ్లదే. పాస్‌పోర్టు, వీసా కాపీలు ముందే తెప్పించుకో. లాగిన్ దగ్గర ఇబ్బంది వస్తే జిల్లా ఎస్పీ ఆఫీసులో అడిగితే చెబుతారు. దీన్ని చివరి రోజుదాకా ఉంచుకోకు. టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్లు ఆరాధనలో కూర్చోవచ్చు, పాడవచ్చు, ప్రార్థించవచ్చు. ప్రసంగ వేదిక ఎక్కి ప్రసంగించడం, సువార్త సభలు పెట్టడం ఆ వీసాకి కుదరదు. కాబట్టి ఫ్లెక్సీ మీద 'ఇంగ్లాండు దైవజనులచే వర్తమానం' అని ఎవరైనా వేయిస్తామంటే ఒప్పుకోవద్దు. మన పాస్టరు అయ్యగారు ఉన్నారు కదా, క్రిస్మస్ వర్తమానం ఆయనే చెబుతారు. అసలు నన్నడిగితే ఫ్లెక్సీయే వద్దు.

డబ్బు గురించి కాస్త ఎక్కువ రాస్తాను. చాలా స్నేహాలు చెడేది ఇక్కడే. నువ్వే చూస్తావు, వెళ్లిపోయే ముందు రోజు ఆ నలుగురిలో ఒక పెద్దావిడ అమ్మగారిని పక్కకి పిలిచి, మడతపెట్టిన నోట్లు అరచేతిలో పెట్టి, వేళ్లు మూసేస్తుంది. కళ్లలో నీళ్లు కూడా తిరుగుతుంటాయి. ఆమె ఇచ్చేది ప్రేమతోనే, అందులో సందేహం లేదు. అయినా సంఘం పనికని ఇచ్చే డబ్బయితే అది విదేశీ విరాళమే. విదేశీయులు రూపాయల్లో ఇచ్చినా అంతే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాలోకే రావాలి. అక్కడ పడిన డబ్బును ఒక సంస్థ ఇంకో సంస్థకి బదిలీ చేయడానికి కూడా ఇప్పుడు వీల్లేదు. అయ్యగారి సొంత ఖాతాకి, ట్రెజరర్ కొడుకు ఖాతాకి, గూగుల్ పేకి వేయించుకోవడం తప్పు. ఎవరో ఒకరు 'ఏం కాదులే' అంటారు. వాళ్ల మాట వినకు. మన జిల్లాలోనే ఒక సంఘంలో ఇలా సొంత ఖాతా గుండా వచ్చిన సొమ్ము మీద మాటామాటా పెరిగి, అన్నదమ్ముల కుటుంబాలు ఒకే గుడిలో వేరే వేరే వైపులు కూర్చునేదాకా వచ్చింది. అటు పంపినవాళ్లు కూడా ఉత్తరాలు మానేశారు.

అందుకని వాళ్లు రాకముందే ఒక ఈమెయిల్ పెట్టు. మా దేశంలో చట్టం ఇలా ఉంది, దయచేసి మా చేతికి, మా ఇళ్లలో ఎవరి చేతికీ సంఘం కోసం డబ్బు ఇవ్వకండి, సాయం చేయాలనిపిస్తే డయోసిస్ ఆఫీసు ద్వారా ఏది వీలవుతుందో కనుక్కుని చెబుతాం అని స్పష్టంగా రాయి. వాళ్లు నొచ్చుకోరు. ఊపిరి పీల్చుకుంటారు. ఎవరికి ఎంత ఇవ్వాలో తెలియక వాళ్లూ ఇబ్బంది పడుతుంటారు. డయోసిస్‌లో రిజిస్ట్రేషన్ అమల్లో ఉందా, రెన్యువల్ అయిందా అన్నది నంద్యాల వెళ్లి నువ్వే కనుక్కో, ఫోన్ మాట మీద నమ్మకం పెట్టుకోకు.

ఇప్పుడు క్రిస్మస్ గురించి. నా మాట ఒకటే, మన క్రిస్మస్ మనం చేసుకుందాం, వాళ్లని అందులో కలుపుకుందాం. వాళ్ల కోసమని వేళలు మార్చకండి, ఇంగ్లీషు స్వాగత గీతం అని పిల్లలకి అర్థం కాని పాట బట్టీ పట్టించకండి. స్టేజీ మీద కుర్చీలు వేసి పండగంతా శాలువాలతో గడపొద్దు. సంఘంతో పాటు చాప మీద కూర్చోనివ్వండి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కుర్చీ వేయండి. పక్కన ఇంగ్లీషు వచ్చిన యూత్ పిల్లనో పిల్లాడినో కూర్చోబెడితే కీర్తన అర్థం చెవిలో చెబుతారు. డోలు, తాళాలు మొదలయ్యాక వాళ్లకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

కేరల్స్‌కి తప్పకుండా తీసుకెళ్లండి. నల్లమల కింద డిసెంబర్ రాత్రి ఎలా ఉంటుందో నీకు తెలుసు, మనవాళ్లు మఫ్లర్లు చుట్టుకుంటే ఆ దొరలు మామూలు చొక్కాతో నడుస్తారు. వెదురు బద్దలతో నక్షత్రం కట్టే రోజున వాళ్లని పిల్లల మధ్య కూర్చోబెట్టు. బద్దలు చీల్చడం, పురికొస బిగించడం, రంగు కాగితం చిరగకుండా మైదా పేస్టుతో అంటించడం పిల్లలే నేర్పుతారు. మన పిల్లలు ఇంగ్లాండువాళ్లకి గురువులయ్యే పని ఒక్కటైనా ఉండాలి.

వాళ్లు బదులుగా క్రిస్టింగిల్, అంటే కమలాపండుకి కొవ్వొత్తి గుచ్చి చేసే దీపం, నేర్పుతామంటే ఒప్పుకో, చాలా బాగుంటుంది. కమలాపండు లోకానికి గుర్తు. దాని చుట్టూ ఎర్ర రిబ్బను క్రీస్తు రక్తం. మధ్యలో గుచ్చిన కొవ్వొత్తి వెలుగైన క్రీస్తు. నాలుగు పుల్లలకి ఎండుద్రాక్షలో మిఠాయిలో గుచ్చుతారు, అవి దేవుడిచ్చిన పంటకీ నాలుగు కాలాలకీ గుర్తు. మొదట మొరావియన్లనే క్రైస్తవ శాఖవాళ్లు చేసుకునేది, ఇంగ్లాండు సంఘంలో 1968 నుంచి పిల్లల సేవ కోసం వాడుకలోకి వచ్చింది. ఒక్క జాగ్రత్త: పట్టులంగాలు, చున్నీలు, వెలిగించిన కొవ్వొత్తులు ఒకచోట చేరతాయి. సండే స్కూలు టీచర్లు వరుసకొకరు నిలబడాలి. బకెట్లో నీళ్లు పక్కనే ఉండాలి.

ఫొటోల సంగతి కూడా ముందే చెప్పు. పిల్లల ఫొటో తీసే ముందు తల్లినో తండ్రినో అడగాలి. గుడిసె ముందు చిరిగిన చొక్కాతో ఉన్న పిల్లాడిని మాత్రమే తీసుకెళ్లి అక్కడ చూపిస్తే, మన ఊరు వాళ్లకి ఎప్పటికీ అలాగే కనిపిస్తుంది. పెద్దవాళ్లు ఎవరూ పిల్లలతో గదిలో ఒంటరిగా ఉండకూడదన్న నియమం ఇంగ్లాండు గుళ్లలో గట్టిగా పాటిస్తారు, మనం కూడా పాటించాలి, మనవాళ్లకీ వర్తించాలి.

క్రిస్మస్ తెల్లవారుజాము గురించి నాకొక ఆశ ఉంది. మన ఆరాధన అయిదింటికి. అక్కడ సమయం మనకంటే అయిదున్నర గంటలు వెనక. అంటే మన గంట కొట్టే వేళకి అక్కడ 24వ తేదీ రాత్రి 11:30. సరిగ్గా అప్పుడే అక్కడ చాలా గుళ్లలో అర్ధరాత్రి ప్రభు సంస్కారపు ఆరాధన మొదలవుతుంది. మన ఆరాధన, వాళ్ల ఆరాధన ఒకే గడియలో! ఇంతకంటే ఏం కావాలి? ఆరాధన మధ్యలో వీడియో కాల్ పెట్టకు. సిగ్నల్ పోతుంది, సంఘమంతా ఫోను వైపు చూస్తూ కూర్చుంటుంది. దానికి బదులు వారం ముందే పది మంది పేర్లు ఇచ్చిపుచ్చుకోండి. మంచం పట్టినవాళ్లు, పరీక్ష రాసేవాళ్లు, ఉద్యోగం పోయినవాళ్లు. వాళ్ల పేర్లు మన విజ్ఞాపన ప్రార్థనలో, మన పేర్లు అక్కడ. పలకడానికి నోరు తిరగకపోతే ఆ నలుగురిలో ఒకరి చేత ముందు రోజు చెప్పించుకుని తెలుగులో రాసుకో. కావాలంటే గంట కొట్టకముందు ఒక్క అయిదు నిమిషాలు ఫోన్ చేసి వాళ్ల ఊరివాళ్లతో మాట్లాడనివ్వు.

ఇంకొకటి. పిడికెడు బియ్యం. మీ నాయనమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి మూల ఉన్న ముంతలో వేసేది, ఆదివారం ఆ ముంత గుడికి పోయేది. ఇంట్లో తిండికి కటకటగా ఉన్న రోజుల్లో కూడా ఆ చెయ్యి ఆగలేదు. దొరలొచ్చి కట్టించారని మనం చెప్పుకునే గుడికి ఉపదేశి జీతం అలాంటి ముంతల్లోంచి కూడా వచ్చింది. స్త్రీల మైత్రి వాళ్లతో మాట్లాడి క్రిస్మస్‌కి ముందు వచ్చే ఈ అడ్వెంట్ నాలుగు వారాలూ దాన్ని మళ్లీ ఎత్తించు. వచ్చిన బియ్యంలో కొంత ప్రేమవిందుకి వాడండి. మిగతాది వేలం వేసి, ఆ డబ్బుతో మన పక్క ఊరిలో ఎవరికి అవసరమో వాళ్లకి, ఏ మతంవాళ్లయినా సరే, ఇవ్వండి. ఆ పని ఇంగ్లాండువాళ్ల చేతుల మీదుగా కాకుండా మన చేతుల మీదుగా జరగాలి, వాళ్లు పక్కన నిలబడి చూడాలి. ఇచ్చేవాళ్లుగా వాళ్లు మనల్ని చూడడం ఈ స్నేహానికి చాలా అవసరం.

భోజనం గురించి నీకు చెప్పక్కర్లేదు. నీళ్లు మాత్రం సీలు వేసిన బాటిళ్లే ఇవ్వు, కారం విడిగా పెట్టించు. కోడికూర, అరిసెలు వాళ్లు కాదనరు.

'మీరు ఆంగ్లికన్లేనా' అని తప్పకుండా అడుగుతారు. సిగ్గుపడకుండా ఉన్నది చెప్పు. ఈ గిద్దలూరు వైపు పని చేసింది ఎస్పీజీ మిషన్, అంటే ఇంగ్లాండు ఆంగ్లికన్ల మిషనరీ సంఘం. ఒంగోలు, కంభం వైపు అమెరికన్ బాప్టిస్టులు. 1947 సెప్టెంబర్ 27న ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటీరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) అయ్యారు. అప్పుడు మన నంద్యాల ప్రాంతంలో చాలామంది కలవనన్నారు, చాలా ఏళ్ల తర్వాత కలిశారు. ఇళ్లలో ఆ గొడవలు ఎలా నడిచాయో పెద్దవాళ్లు ఇంకా చెబుతారు, వాళ్ల చేత చెప్పించు. ఇప్పుడు సీఎస్ఐ ప్రపంచ ఆంగ్లికన్ కూటమిలోనూ ఉంది, మెథడిస్టు, రిఫార్మ్‌డ్ కూటముల్లోనూ ఉంది. ఇంగ్లాండులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు ఇంకా వేరుగానే ఉన్నారు. ఈ విషయంలో మనమే వాళ్లకి చెప్పగలిగింది ఉంది.

జనవరిలో నీ అసలు పని మొదలవుతుంది. ఎపిఫనీ పండగ (జనవరి 6) లోపు ఒక ఉత్తరం రాయి, ఫొటోలు కాదు, ఉత్తరం. ఆ తర్వాత రెండు నెలలకోసారి. పంట ఎలా ఉంది, ఎవరి పెళ్లయింది, ఎవరు చనిపోయారు, ఏ పని అనుకున్నట్టు జరగలేదు, అన్నీ రాయి. అన్నీ బాగున్నాయని రాసే ఉత్తరాలు రెండేళ్లకి ఆగిపోతాయి. నువ్వు ఒక్కదానివే రాయకు, స్త్రీల మైత్రి నుంచి ఒకరు, యూత్ నుంచి ఒకరు వంతులు వేసుకోండి. కమిటీ మారినా ఉత్తరాలు ఆగకూడదు.

ఈమెయిల్ డ్రాఫ్టు రాసి నాకు పంపు, తప్పులుంటే దిద్దుతాను. ఫారం-సి లాగిన్ వచ్చిందో లేదో ఈ ఆదివారానికల్లా చెప్పు. అయ్యగారికి, అమ్మగారికి నా వందనాలు.

మీ పెదనాన్న